పడవ యంత్రమునకు చాతుర్మాస్యము

నేటి ప్రసంగమునకు విషయము పడవకు వెనుక తట్టున తగిలించు చిన్న యంత్రము. పనిలేని నెలలలో దానిని దాచిపెట్టు విధానమును, ఆ విధానము వెనుకనున్న చరిత్రను నాకు తెలిసినంతవఱకు మనవి చేసెదను. పైరుపంటలతో, పాడిపశువులతో కాలము గడుపు మీకు పడవ యంత్రముతో నేమి పనియని తోచవచ్చును. బావిగట్టున నూనె యింజను గలవారికిని, సముద్రపుటొడ్డున చుట్టములు గలవారికిని, ఎప్పుడో యొకప్పుడు గడపదాక వరదనీరు వచ్చిన యూళ్లవారికిని ఈ మాట అక్కఱకు వచ్చును. అదియునుగాక ఇందులో నేను చేసిన తప్పొకటి కలదు. ముప్పదియాఱేండ్లకు పైగా అది నా మనస్సును విడువలేదు. దానిని దాచక చెప్పుటకే ఈ విషయమును ఎన్నుకొంటిని.

నేను నివసించునది హైదరాబాదు నగరమున అమీరుపేటలో. మీలో పలువుర మనుమలు, మనుమరాండ్రు కంప్యూటరు విద్య నేర్చుటకై వచ్చి అద్దెగదులలో దిగు పేట యిదియే. పంజాగుట్ట యిచ్చటికి నడకదూరము. 2018 సెప్టెంబరులో ఈ మార్గమున మెట్రో రైలు నడక సాగినది మొదలు, అమీరుపేటలో ఎక్కి, పంజాగుట్ట, ఇర్రుంమంజిల్ దాటి, ఖైరతాబాదులో దిగి, అచ్చటినుండి హుస్సేనుసాగరు గట్టునకు నడచిపోవుట నాకు అలవాటైనది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన ఆ చెఱువు, 1591లో వెలసిన హైదరాబాదు నగరముకంటె పెద్దది వయస్సున. అందు నేడు బుద్ధవిగ్రహము వద్దకు యాత్రికులను చేర్చు యంత్రపు పడవలు తిరుగుచుండును.

2025వ సంవత్సరము ఏప్రిల్ మొదటివారమున ఒక సాయంకాలము, మా వీథిలోని వసతిగృహమున నుండి చదువుకొను యువకుడొకడు నా యింటికి వచ్చెను. కాకినాడకు ఉత్తరముననున్న ఒక తీరగ్రామము వానిది. వాని తండ్రి అప్పుచేసి పడవకు క్రొత్త యంత్రము కొనెను. యంత్రముతో వచ్చిన ఆంగ్లపు చిన్నపుస్తకము యొక్క పుటలను ఫోటోలు తీసి కుమారునికి పంపెను. ఆ యువకుడు ఒక పుటను చూపి, “మాస్టారూ! దీన్ని తెలుగులో చెప్పమంటున్నారు నాన్న. పైన శీతకాలపు భద్రత అని ఉంది. మా సముద్రానికి శీతకాలం ఎక్కడిదండీ?” అని యడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏలయన, ఇదే ప్రశ్నకు ఇదివఱ కొకమాఱు నేను తప్పుడు జవాబు చెప్పియుంటిని. చెప్పినది ఈ యువకుని తాతకు.

1989వ సంవత్సరమునాటి మాట. నేను ఉభయభాషాప్రవీణ పరీక్షయందు కృతార్థుడనై, ఆ గ్రామపు పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఆ దినములలో మన తీరమున పడవలకు ఇట్టి యంత్రములు క్రొత్త. ఈ యువకుని తాత ఊరిలోని వారందఱికంటె ముందుగా ఒక యంత్రమును తెచ్చి, దానితోడి పుస్తకమును నాయొద్దకు గొనివచ్చి, “పంతులుగారూ, ఇందులో ఏముందో చదివి చెప్పండి” అని వినయముతో నడిగెను. నేను పుటలు త్రిప్పితిని. ‘శీతకాలమున భద్రపఱచుట’ అను శీర్షిక కంటబడెను. “ఇది మంచు కురియు దేశములవారికి వ్రాసినది. మనకు దీనితో పనిలేదు” అని చెప్పి, పుస్తకము మూసి చేతికిచ్చితిని. ఆయన సంతోషించి వెడలిపోయెను. చదువుకొన్నవాడు చెప్పిన మాట గనుక, మఱియొకని నడుగవలసిన పనిలేదని నమ్మెను.

ఆశ్వయుజమాసమున తుఫానుల భయముచేత పడవలను గట్టుపైకి లాగిరి. ఆయన యంత్రమును విప్పి, కడుగక, అందలి ఇంధనము దింపక, పాక మూలను పండబెట్టి ప్లాస్టిక్కు గోతాముతో చుట్టివేసెను. సంక్రాంతి దాటినపిదప విప్పి త్రాడులాగగా చక్రము కదలలేదు. కాకినాడనుండి పనివాడు వచ్చి విప్పిచూచెను. లోపల మిగిలిన ఉప్పునీరు సిలిండరులోనికి జాఱి అంతయు తుప్పుపట్టియుండెను. కార్బురేటరు సన్నని రంధ్రములలో ఇంధనము జిగురై గట్టిపడియుండెను. యంత్రము పోయెను, అప్పు మిగిలెను. ఆయన కుమారుడు నా యెనిమిదవ తరగతిలో చక్కగా పద్యము చదువు బాలుడు. ఆ మాఘమాసమునుండి వాడు బడికి రాలేదు. పరుల పడవపై కూలికి పోయెను. ఆ బాలుడే ఈ యువకుని తండ్రి.

తాత నన్నెప్పుడును నిందింపలేదు. నిందించియున్నచో నాకు కొంత తేలికయై యుండెడిది. అలంకారశాస్త్రమున అభిధ, తాత్పర్యము అని బాలురకు పాఠము చెప్పుచు, ఒక మాటకు నిఘంటువునందలి యర్థమును మాత్రము గ్రహించి, ఆ మాట యేల పుట్టెనో విచారింపకపోతిని. ఆ విచారమే నేటి చరిత్ర.

పడవకు విశ్రాంతినిచ్చుట మనవారికి క్రొత్తది కాదు. శాతవాహన రాజుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కలదు. అనగా రెండువేల యేండ్లకు కొంచెము తక్కువకాలముగా మన తీరమున ఓడలకు గౌరవము కలదన్నమాట. భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున ఓడల ప్రకరణము గలదు. సముద్రమున దిరుగు ఓడల పలకలను ఇనుముతో బిగింపరాదని అందు చెప్పబడినది. అయస్కాంతపు రాళ్లు లాగివేయునని దానికి కారణము చూపిరి. మన తీరమునందలి పాతకాలపు పడవల పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టెడివారు. మేకు లేదు గనుక తుప్పు లేదు.

తెప్ప సంగతి ఇంకను వింత. దుంగలను త్రాళ్లతో కట్టి సముద్రముపైకి పోయిన బెస్తవాడు, తిరిగివచ్చిన వెంటనే కట్లువిప్పి దుంగలను వేఱువేఱుగా ఇసుకపై ఎండబెట్టును. నీరుపీల్చిన కొయ్య బరువెక్కి తేలుట తగ్గును గనుక. పనిలోనున్న దినములందే అంతటి శ్రద్ధ. పాఠశాల కెన్నడు పోని ఆ తెప్పవానికి తెలిసినది, సముద్రమునుండి వెలుపలికి వచ్చినంతమాత్రమున సముద్రము వస్తువును విడువదని. ఇనుముతో చేసిన యంత్రము వచ్చునప్పటికి ఆ తెలివిని మనము ఒడ్డుననే విడిచితిమి.

ఇక యంత్రపు పుట్టుపూర్వోత్తరములు. 1881లో పారిసు నగరమున గుస్తావ్ త్రూవే అను నాతడు విద్యుచ్ఛక్తితో నడచు చిన్న యంత్రమును పడవ చుక్కానికి అమర్చి సేను నదిలో నడిపెను. 1905లో అమెరికాయందు కామరాన్ వాటర్‌మన్ అను న్యాయశాస్త్ర విద్యార్థి పెట్రోలు యంత్రమును పడవ వెనుక తగిలించి పరీక్షించెను. దీనిని లోకమునకు అలవాటు చేసినవాడు ఓలే ఎవిన్‌రూడ్. ఆతడు 1877లో నార్వే దేశమున పుట్టి, చిన్నతనముననే తల్లిదండ్రులతో అమెరికాలోని విస్కాన్‌సిన్ ప్రాంతమునకు పోయినవాడు. ఒక వేసవిదినమున తాను వరించిన కన్య ఐస్‌క్రీము కోరగా, సరస్సు దాటి తెడ్డువేసికొని తెచ్చునంతలో అది కరగిపోయెననియు, అందుచేత నీ యంత్రము తలపునకు వచ్చెననియు ఒక కథ చెప్పుదురు. 1909లో ఆతని యంత్రము అమ్మకమునకు వచ్చెను. బరువు 62 పౌనులు, బలము ఒకటిన్నర గుఱ్ఱము. ఆ కన్యయే భార్యయై వ్యాపారపు లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు చూచుకొనెను.

పెద్దలు ఒక్క సంగతి గమనింపవలెను. యంత్రము పెరిగిన విస్కాన్‌సిన్‌లో చలికాలమున సరస్సులు గడ్డకట్టును. పడవ నడచుటకు దారియే యుండదు. అదియునుగాక నీరు మంచుగడ్డగా మాఱునప్పుడు నూటికి సుమారు తొమ్మిదివంతులు ఉబ్బును. యంత్రములో చెంబెడు నీరు నిలిచిననుచాలు, అది గడ్డకట్టి ఇనుమును పగులగొట్టును. అందుచేత అచ్చటివారు ఏటేట యంత్రమును విప్పి, నీరు కార్చి, నూనెపట్టించి దాచు పద్ధతిని ఏర్పఱచుకొనిరి. ఆ పద్ధతికి వారు ‘శీతకాలపు భద్రత’ అని పేరిడిరి. యంత్రము ప్రపంచమంతయు వ్యాపించినది, పుస్తకము దానితోబాటు వ్యాపించినది, పేరు మాత్రము మాఱలేదు. ఆ పేరు చూచి నేను మోసపోతిని. వారి శత్రువు మంచు. మన శత్రువులు ఉప్పు, ఉక్క, తేమ. శత్రువు పేరు వేఱైనను, వచ్చు ద్వారమొక్కటియే. అది యంత్రము ఊరకుండు కాలము.

అయినచో మనకు ఆ కాలమెప్పుడు? తూర్పు సముద్రతీరమున ప్రతిసంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు యంత్రపు పడవలు వేటకు పోరాదని ప్రభుత్వ నిషేధము కలదు. చేపలు గ్రుడ్లుపెట్టు ఋతువగుట దీనికి కారణము. పూర్వము 47 దినములుగానుండిన ఈ గడువు 2015 మొదలు 61 దినములైనది. మన యతులు వర్షర్తువున ఒక్కచో నిలిచి చాతుర్మాస్యవ్రతము పట్టుదురు. అందు పక్షమునే మాసముగా నెంచి నాలుగు పక్షములు, అనగా రెండునెలలు, పాటించు సంప్రదాయము గలదు. లెక్క సరిపోయినది. ఈ 61 దినములే మన తీరమునందలి పడవ యంత్రమునకు చాతుర్మాస్యము. యతికి ఆ కాలము సోమరితనము కాదు, నియమము. యంత్రమునకును అంతే.

ఆ నియమములను నేను యువకునికి తెలుగున వ్రాసియిచ్చిన క్రమముననే చెప్పెదను.

మొదటిది స్నానము. ఈ యంత్రము తాను నడచు నీటినే లోపలికి పీల్చి తన వేడిని చల్లార్చుకొనును. కావున సముద్రమున ఉప్పు, చెఱువున బురద దాని సన్నని దారులలో నిలుచును. కడపటి దినమున పెద్ద పీపాలో మంచినీరు నింపి, యంత్రపు క్రిందిభాగమును అందు ముంచి, పది పదునైదు నిమిషములు మెల్లగా నడుపవలెను. నీరులేక ఒక్క నిమిషమైనను నడుపరాదు. లోపలి పంపులోని రబ్బరుచక్రము ఒరసుకొని చెడిపోవును.

రెండవది ఉపవాసము. ఇంధనపు గొట్టమును విప్పి, యంత్రము తనంతట ఆగునంతవఱకు నడిపి, కార్బురేటరు అడుగున మిగిలినదానిని గూడ మరతీసి దింపవలెను. నిలువయున్న పెట్రోలు జిగురగును. నేడు మనదేశపు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవఱకు ఇథనాలు కలియుచున్నందున, అది గాలిలోని తేమను గూడ పీల్చును. దింపిన పెట్రోలును వంటయింటి దాపున నుంచరాదు.

మూడవది అభ్యంగనము. మనకు నూనె ముందు, స్నానము వెనుక. యంత్రమునకు క్రమము తలక్రిందు. ప్లగ్గులు తీసి, సిలిండరులోనికి కొలదిగా నూనెపోసి, త్రాడును మెల్లగా నాలుగైదు మాఱులు లాగినచో ఆ నూనె లోపలి గోడలకెల్ల పట్టును. క్రిందిభాగమున పంటిచక్రములుండు పెట్టెలోని నూనెను దింపి చూడవలెను. అది పాలవలె తెల్లబడియున్నచో లోనికి నీరు పోవుచున్నదని యర్థము. ఆ లోపమును అప్పుడే సరిచేయించి క్రొత్తనూనె పోయవలెను. పంకాను విప్పి, ఇరుసునకు చుట్టుకొనిన వలదారములను కోసివేసి, గ్రీజు పూయవలెను. హుస్సేనుసాగరు గట్టున పడవలవారు పంకాను పైకెత్తి, దానికి చుట్టుకొనిన ప్లాస్టిక్కు సంచులను లాగివేయుట నేను పలుమాఱులు చూచితిని. సముద్రమైన నేమి, చెఱువైన నేమి, పంకాకు పగవారు లేని నీరు లేదు.

నాల్గవది నిలుకడ. యంత్రమును పండబెట్టరాదు. కఱ్ఱదూలమునకు తగిలించి నిటారుగా నిలిపినచో మిగిలిన నీరు తనంతట కాఱిపోవును. పండబెట్టినచో ఆ నీరే సిలిండరును వెదకికొనిపోవును. తాతగారి యంత్రమును చంపినది ఇదియే.

ఐదవది రక్ష. ప్లాస్టిక్కుతో బిగియచుట్టినచో లోపలితేమ బయటికి పోవు దారిలేక తుప్పగును. నూలుగుడ్డ కప్పవలెను. కుమ్మరిపురుగు రంధ్రములలో మట్టియిల్లు కట్టకుండను, ఎలుక తీగెలను కొఱుకకుండను వారమునకొకమాఱు చూచుచుండవలెను. బ్యాటరీ యున్నచో దానిని విడదీసి, నెలకొకమాఱు విద్యుత్తు పట్టించవలెను. ఇంతియే. వీనికి కావలసినది ఒకపూట పని, ఒక డబ్బా నూనె.

ఇదియంతయు తీరవాసుల గొడవయని నగరమున మేముగాని, పల్లెలలో మీరుగాని అనుకొనుటకు వీలులేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమందలి చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరి. ఆ ప్రవాహమున కెదురేగి జనమును చేర్చుటకు నాటికి ఎవిన్‌రూడ్ యంత్రము అంగడికే రాలేదు. ఎవిన్‌రూడ్ దానిని అమ్మజూపినది ఆ మఱుసటి యేడు. వరదకు భయపడి పిమ్మట 1920లో ఉస్మానుసాగరును, 1927లో హిమాయతుసాగరును ముగించిరి. అయినను వాన తన దారిని మఱువదు. 2000 ఆగస్టు 24న మా అమీరుపేట ప్రక్కనున్న బేగంపేటలో ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వానపడి, హుస్సేనుసాగరు చుట్టునున్న పల్లపు వాడలు మునిగెను. 2020 అక్టోబరు నడుమ కురిసిన వానకు టోలిచౌకి ప్రాంతపు వీథులలో పడవలు తిరిగెను. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగినప్పుడు విజయవాడ వాడలలో రోజులతరబడి పడవలే దిక్కైనవి.

వరదపడవ యంత్రము పనిచేయునది ఏటికి నాలుగుదినములు. కొన్ని యేండ్లు అదియును లేదు. తక్కిన కాలమంతయు మూలనుండును. కాని ఆ నాలుగు దినములలో త్రాడులాగగానే పలుకకున్నచో, మిద్దెపై నిలిచి చేతులూపు తల్లికి మనమేమి చెప్పగలము? కావున ఇట్టి యంత్రమునకు పూర్తి నిద్ర తగదు. పక్షమునకొకమాఱు పీపానీటిలో నడిపి, క్రొత్త ఇంధనము పోయుచుండవలెను. యంత్రము పనిచేయు దినములలో చెడుటకంటె ఊరకున్న దినములలో చెడుటయే యెక్కువ. మీ పొలమునందలి నూనె యింజను వానకాలమంతయు తడియుచు గట్టున పడియున్నదేమో ఇంటికి పోయి చూచుకొనుడు.

ఆ యువకుడు వచ్చిన రాత్రి కూర్చుండి ఆ యధ్యాయమునకు తెలుగు వ్రాసితిని. శీర్షికయొద్ద చాలసేపు ఆగితిని. ‘శీతకాలమున’ అని వ్రాయలేదు. ‘ఊరకుండు కాలమున యంత్రమును కాపాడు విధము’ అని వ్రాసితిని. యువకునికి పాతకథ యంతయు చెప్పి, “నీ తండ్రి చదువు నా మూలమున ఆగిపోయినది, నాయనా” అంటిని. వాడు కొంతసేపు నేలచూపుతో నుండి, “నాన్న ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదండీ. మాస్టార్నే అడుగు అని మాత్రం చెప్పారు” అనెను.

జూన్ 15న ఉదయము వాని ఫోను వచ్చెను. మూడవ లాగునకు యంత్రము పలికినదనియు, పడవలన్నియు బయలుదేఱినవనియు తండ్రి తెలియజేసెనట. అంతకుమించి ఆయన యేమియు చెప్పి పంపలేదు. నేనును అడుగలేదు.

పెద్దలారా! మీ మీ యూళ్లలో చదువెఱిగినవారు మీరు. మందుసీసా చీటియో, ఎరువుబస్తాపై వ్రాతయో, యంత్రపు పుస్తకమో పట్టుకొని యెవరైనను మీ యరుగుమీదికి వచ్చినప్పుడు, తెలియనిచో తెలియదని చెప్పుడు. తెలిసినచో మాటతో ఆగక, ఆ మాట యెందుకు పుట్టినదో విచారించి చెప్పుడు. అడిగినవాడు మన మాటను నమ్మి యింటికి పోవును. అతని యింటిలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడుండవచ్చును.

సెలవు.